సైలెన్సర్ ఒకటి, శబ్దం శూన్యం

శబ్ద నియంత్రణ అధికారి వచ్చేదాకా సైలెన్సర్ అంటే ఏమిటో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. నలభై రెండేళ్ళుగా నేను చేసేది ఆ పనే.

నా షెడ్డు కనుమ దారి పైకొచ్చి ఊరితో కలిసే చోట ఉంది. రేకు మీద ‘దస్తగిరి సైలెన్సర్ వర్క్స్’ అని రాయించాను. బండి కింద పొగ గొట్టం, గొట్టం మధ్యలో డబ్బా, డబ్బాలో శబ్దం పీల్చుకునే ఊలు. తుప్పు పడితే కోసి తీసేసి కొత్తది అతుకుతాను. ఈ పనికి మాటలతో అవసరం లేదు. మా ఆవిడ మస్తానమ్మ షెడ్డుకు వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతుంది.

“ఈయప్పకి దేవుడు నోరిచ్చింది సంగటి తినేదానికే.”

వానలు మొదలైన వారంలో రెడ్డెమ్మ తన పికప్పు తెచ్చి షెడ్డు ముందు ఆపింది. కనుమ కింద ఐదు పల్లెలున్నాయి. అక్కడ నలభై ఇళ్ళలో పాలు పిండితే, ముప్పై క్యాన్లు ఎక్కించుకుని కొండ ఎక్కించి మా ఊరి పాలకేంద్రంలో దించేది ఆమే. ఆ దారిన ఇంకో బండి లేదు. పొద్దున తొమ్మిదికి పాలకేంద్రం గేటు మూస్తారు. తర్వాత వచ్చిన పాలు ముట్టరు. మూడుసార్లు పాలు విరిగి గానీ ఆలస్యమై గానీ అందకపోతే ఆ దారినే లెక్కలోంచి కొట్టేస్తారు. అది వాళ్ళ రూలు.

“మామా, డబ్బా బొక్కలు పడిపోయింది. నేను కింద మలుపులో ఉండంగానే పైన ఊరంతా లేస్తా ఉంది. శబ్దం తగ్గల్ల. లాగుడు మాత్రం తగ్గకూడదు.”

నేను కిందికి దూరి చూశాను.

“మా ఊరి పిలకాయలు డబ్బా పీకి పారేయమంటా ఉండారు. పీకేస్తే ఇంకా లాగతాదంట గదా?”

“అరుపు బరువు మొయ్యదు,” అన్నాను.

“ఈపొద్దుటికి నీ కోటా అయిపోయినట్టుంది,” అని ఆమె మస్తానమ్మ దగ్గర టీ తాగడానికి వెళ్ళిపోయింది.

సైలెన్సర్ అంటే బండికి ముక్కు. మరీ తెరిచి పెడితే గురక. మరీ మూసేస్తే పొగ వెనక్కి తంతుంది, ఇంజనుకు ఊపిరాడదు. ముక్కు గట్టిగా పట్టుకుని, నెత్తిన మూటతో మెట్లెక్కమంటే మనిషైనా ఎక్కడు. శబ్దం ఒకవైపు, లాగుడు ఒకవైపు. మధ్యలో ఒక చోటు ఉంటుంది. దాన్ని చెవితో వెతుక్కోవాలి. గొట్టం పాతదానికంటే అరంగుళం లావుది వేశాను. డబ్బా పొడుగుది పెట్టాను. లోపల అడ్డు రేకులు లేకుండా చిల్లుల గొట్టం నేరుగా పోనిచ్చి, చుట్టూ ఊలు బిగించి కూరాను. రెండు రోజులు పట్టింది.

మూడో రోజు ముప్పై క్యాన్లతో కనుమ మూడో మలుపు మూడో గేరులోనే ఎక్కింది. శబ్దం ఆవు నెమరు వేసినట్టుంది. రెడ్డెమ్మ పైకొచ్చి, కిటికీలోంచి తల బయటపెట్టి, “మామా, నీ చేతికి నెయ్యి పొయ్యల్ల!” అంది.

నెయ్యి పోయలేదు. ఆ వారమే అధికారి వచ్చాడు.

ఆయన రావడానికి కారణం న్యాయమైనదే. మా ఊళ్ళో నలుగురు కుర్రాళ్ళు మోటార్ సైకిళ్ళకు డబ్బాలు కోసేసి తిరుగుతున్నారు. జనం అర్జీ పెట్టారు. పైనుంచి శేషశయనం గారిని పంపారు. ఆయన వెంట నాదముని అనే గుమాస్తా, ఒక మేజా, రెండు కుర్చీలు, శబ్దం కొలిచే యంత్రం ఒకటి వచ్చాయి. నా షెడ్డుకు ఎదురుగా, కనుమ వాలు చివర తనిఖీ కేంద్రం పెట్టారు. కుర్రాళ్ళు ఆ దారిన రావడం మానుకున్నారు. తనిఖీకి మిగిలింది మేము.

శేషశయనం గారు మొదటి రోజే నిఘంటువు తెప్పించారు. రెండో రోజు నా షెడ్డు గోడకు ఉత్తర్వు అంటించారు. నాదముని దాన్ని గట్టిగా చదివి వినిపించాడు.

“సైలెన్సర్ అను పదమునకు నిశ్శబ్దము చేయునది అని అర్థము. కావున నిశ్శబ్దము చేయని పరికరము సైలెన్సర్ కాదు. సైలెన్సర్ కాని దానిని బిగించుకొనిన వాహనము, సైలెన్సర్ లేని వాహనముగా పరిగణింపబడును. సైలెన్సర్ లేని వాహనము రోడ్డుపైకి రారాదు.”

నాలుగు వాక్యాలు. ఎక్కడా సందు లేదు. నేను చేసే అతుకులు కూడా అంత గట్టిగా ఉండవు.

మొదట ఆపింది రెడ్డెమ్మ బండినే. ఆమె కిందికి దిగి, ఎప్పటిలాగే వెనక చక్రానికి రాయి పెట్టింది. అక్కడ నేల వాలు. హ్యాండ్ బ్రేకు అరిగిపోయి ఉంది. యంత్రం డెబ్బై నాలుగు చూపించింది.

“ఎనభై దాకా ఉండొచ్చని మీ యంత్రం మీదనే రాసి ఉంది గదా సామీ?” అంది రెడ్డెమ్మ.

“అది పాత విధానము. అల్ప శబ్దము కూడా శబ్దమే. అల్ప దొంగతనము దొంగతనము కాదా?” అన్నారు శేషశయనం గారు.

“ఇంజనంటే ఊరికే ఉంటాదా సార్? కొంచెమన్నా మాట్లాడదా?”

“మాట్లాడరాదు.”

ఆ ఒక్క రోజుకు హెచ్చరించి పాలు పోనిచ్చారు. ఆ సాయంత్రం ఉత్తర్వు ప్రకారం డబ్బాలో ఇంకో మూడు అడ్డు రేకులు అతికి, గొట్టం చివర సన్నం చేశాను. వద్దని చెప్పాను. ఒక్కసారే చెప్పాను. మరునాడు బండి బాగా నిశ్శబ్దంగా వచ్చింది. అంటే రెండో మలుపులో ఆగిపోయి నిశ్శబ్దంగా నిలబడింది. నేను పోయి రేకులు కోసేసేసరికి పదకొండయింది. క్యాన్ల మూతలు తీస్తే పుల్లటి వాసన. రెడ్డెమ్మ ముప్పై క్యాన్లూ తన చేత్తోనే లోయలోకి వంచింది.

ఒకసారి అయింది.

ఆమె నేరుగా మేజా దగ్గరికి పోయింది. “మీరే దారి చెప్పండి సార్. ఎట్లుంటే నా బండిని పంపుతారు?”

శేషశయనం గారు దయగల మనిషి. ఇంజను ఆపమన్నారు. యంత్రం పెట్టించారు. గాలి, కాకులు, నాదముని దగ్గు అన్నీ పరిసర శబ్దం కింద తీసేశారు. మిగిలింది సున్నా. అక్కడికక్కడే అనుమతి పత్రం రాసిచ్చారు.

“ఇంజను ఆపి ఉంచగా సదరు వాహనము నిశ్శబ్దముగా ఉన్నది. కావున ఇంజను ఆపి ఉంచినంత కాలము రోడ్డుపై యథేచ్ఛగా తిరుగుటకు అనుమతించడమైనది.”

రెడ్డెమ్మ దాన్ని రెండుసార్లు చదివింది. “సరే సార్, అట్లనే తిరగతాం,” అంది.

మరునాడు పికప్పుకు రెండు జతల ఎద్దులు కట్టుకుని కనుమ ఎక్కించింది. చీకట్లోనే బయల్దేరినట్టుంది, ఎనిమిదిన్నరకే పైకొచ్చింది. మెడ గంటలు విప్పేసింది. మూతులకు చిక్కాలు కట్టింది. నేను షెడ్డు గుమ్మంలో నిలబడి చూశాను. ఈసారి తప్పదు, పోనిస్తారు అనుకున్నాను.

శేషశయనం గారు బండి చుట్టూ ఒకసారి తిరిగారు.

“పాత ఇంజను నిశ్శబ్దముగానే ఉన్నది. సంతోషము. కానీ ఈ వాహనమునకు కొత్తగా నాలుగు ఇంజన్లు కనబడుచున్నవి. వాటి సైలెన్సర్లేవీ?”

“మూతికి చిక్కాలు కట్టినా గదా సామీ.”

“అవి ముందు వైపు. పొగ వచ్చునది వెనక వైపు కదా.”

నాదముని యంత్రం పట్టుకుని మొదటి ఎద్దు వెనక్కి పోయాడు. రెండు నిమిషాలు సున్నా. మూడో నిమిషంలో ఎద్దు తన అభిప్రాయం చెప్పింది. యంత్రం అరవై ఒకటి చూపించింది. ఫైలు తడిసింది. నాదముని చొక్కా కూడా తడిసింది. తడిసిన ఫైలు ఎండేదాకా విచారణ వాయిదా వేశారు. ఎండ వచ్చేసరికి తొమ్మిదిన్నర.

రెండుసార్లు అయింది.

“ఇంకొక్కసారి మామా,” అంది రెడ్డెమ్మ, నా షెడ్డులో టైరు మీద కూర్చుని. “ఇంకొక్కసారి పాలు అందకపోతే దారి కొట్టేస్తామని పాలకేంద్రమోళ్ళు రాసి పంపినారు. నా బండి పోతే పోనీ, ఏదన్నా తోలుకుంటా. ఆ నలభై ఇళ్ళోళ్ళు పాలు ఎవురికి పోసేది? ఆవులమ్మేసుకోవాల్సిందే. ఎనుములమ్మేసుకుని ఏం జేస్తారు?”

మస్తానమ్మ ఆమెకు మజ్జిగ ఇచ్చి, “నువ్వన్నా ఏడు తల్లీ. ఈయప్పకి అదీ రాదు,” అంది.

అప్పుడే శేషశయనం గారు నా షెడ్డులోకి వచ్చారు. వెనక నాదముని. ఆయన పైన రేకు చూశారు.

“ఇచ్చట సైలెన్సర్ అని వ్రాసియున్నది. మీరు చేయు వస్తువేదియు నిశ్శబ్దము చేయుట లేదని రుజువైనది. కావున ఇది ప్రజలను తప్పుదారి పట్టించు ప్రకటన. బోర్డులో వ్రాసిన సైలెన్సర్ ఈ ఆవరణలో ఎక్కడున్నదో చూపవలెను. లేనిచో బోర్డు జప్తు. ఏమంటారు?”

నేనేమీ అనలేదు.

“మిమ్ములనే. ఈ ఆవరణలో సైలెన్సర్ ఉన్నదా, లేదా?”

ఉందంటే అబద్ధం. లేదంటే బోర్డు పోతుంది. ఊరుకున్నాను.

“సమాధానము చెప్పని యెడల...” అని ఆయన ఒక గంటసేపు అడిగారు. నా పేరు అడిగారు. మా నాన్న పేరు అడిగారు. కోప్పడ్డారు. బుజ్జగించారు. నాదముని అలవాటు కొద్దీ యంత్రం నా మూతి దగ్గర పట్టుకునే ఉన్నాడు. చివరికి అందులోకి తొంగి చూసి, “సార్,” అన్నాడు.

“ఏమి?”

“పరిసర శబ్దం తీసేస్తే సున్నా సార్. గంట నుంచీ సున్నా.”

శేషశయనం గారు యంత్రాన్ని చూశారు. నన్ను చూశారు. ఆయన మొహం వెలిగింది. ఈ ఊరికి వచ్చాక ఆయన మొదటిసారి ఉత్తర్వుకు సరిపోయే వస్తువును చూస్తున్నారు.

“రాసుకొనుము,” అన్నారు. “పేరు, దస్తగిరి. వస్తువు, సైలెన్సర్. సంఖ్య, ఒకటి. శబ్దము, శూన్యము. గడువు, మార్చి నెలాఖరు.”

ముద్ర వేసి ఇచ్చారు. మస్తానమ్మ ఆ కాగితం అందుకుని, “నలభై ఏండ్ల నుంచి చెప్తా ఉండా. నా మాట ఎవురూ నమ్మల్యా. ఇప్పుడు గవర్నమెంటే ఒప్పుకునింది,” అంది.

రెడ్డెమ్మ ఆమె చేతిలోంచి కాగితం లాక్కుని చదివింది. తర్వాత గోడకు అంటించిన ఉత్తర్వు చదివింది. మళ్ళీ కాగితం చదివింది.

“సార్. సర్టిఫికెట్టుండే సైలెన్సర్ బిగించుకుంటే నా బండిని ఆపరు గదా?”

“నిబంధన ప్రకారము ఆపుటకు వీలులేదు.”

“మామా,” అంది ఆమె నా వైపు తిరిగి, “ఎక్కు.”

బిగించడం మీద కొంత చర్చ జరిగింది. సైలెన్సర్ బండి వెనక భాగంలో, కదలకుండా బిగించి ఉండాలి. నాకు బోల్టులు వేయడానికి మస్తానమ్మ ఒప్పుకోలేదు. చివరికి వెనక తలుపు దగ్గర, క్యాన్ల పక్కన కూర్చోబెట్టి పగ్గంతో కట్టారు. ‘పగ్గము తాత్కాలిక బోల్టుగా పరిగణింపబడినది’ అని నాదముని రాసుకున్నాడు. నా అసలు డబ్బా, అదే మొదట రెండు రోజులు కష్టపడి చేసింది, మళ్ళీ కింద అతికాను. మరునాడు బండి మూడో మలుపు మూడో గేరులో ఎక్కింది. ఇంజను తన డెబ్బై నాలుగు తను చేసింది. శేషశయనం గారు వెనక్కొచ్చి యంత్రం నా మూతి దగ్గర పెట్టించారు. సున్నా. ఇంజను మాటేమిటని నాదముని అడిగాడు.

“అది సైలెన్సర్ కాదని మనమే తేల్చితిమి. సైలెన్సర్ కానిదానిని పరీక్షించు అధికారము మనకు లేదు,” అన్నారు శేషశయనం గారు.

ఎనిమిదిన్నరకు పాలు దిగాయి.

ఇక ఊరు ఊరుకుంటుందా? వారంలో సైలెన్సర్ ఉద్యోగాలకు మూడు వందల అర్జీలు వచ్చాయి. పాసైంది పదకొండు మంది. పంచాయతీ మీటింగుల్లో ఇరవై ఏళ్ళుగా నోరు తెరవని వార్డు మెంబరుకు మొదటి ర్యాంకు వచ్చింది. రిటైరైన టీచరు ఒకాయన, “రాత పరీక్ష లేదా?” అని అడిగి అక్కడే ఫెయిలయ్యాడు. ఇటుకల లారీకి ఒకణ్ణి, స్కూలు బస్సుకు ఇద్దర్ని కట్టారు. మోటార్ సైకిళ్ళ కుర్రాళ్ళు నలుగురూ తలా ఒక మూగనోము పట్టిన ముసలాయన్ని వెనక కూర్చోబెట్టుకుని, ధైర్యంగా మళ్ళీ కనుమ దారికొచ్చారు. ఊరు హోరెత్తిపోయింది. శేషశయనం గారు చెవుల్లో దూది పెట్టుకుని, జిల్లాలో శబ్ద కాలుష్యం పూర్తిగా పోయిందని పైకి నివేదిక పంపారు. పైవాళ్ళు మెచ్చుకుంటూ లేఖ రాశారు.

నేను ఇరవై రెండు రోజులు బిగించబడి తిరిగాను. ఎగుడు దిగుళ్ళకు నడుము పోయింది. కానీ తొమ్మిదిలోపు పాలు దిగుతున్నాయి. పల్లెల్లో నన్ను చూస్తే పిల్లలు కూడా నోటి మీద వేలు పెట్టుకునేవాళ్ళు. నన్ను మాట్లాడిస్తే దారి పోతుందని పెద్దవాళ్ళు చెప్పారట. దోమ కుట్టినా నేను ‘అబ్బా’ అనలేదు. క్యాను కాలి మీద పడినా అనలేదు.

ఇరవై మూడో రోజు గాలి ఎక్కువగా ఉంది.

బండి తనిఖీ కేంద్రం ముందు ఆగింది. రెడ్డెమ్మ ఇంజను ఆపి, చక్రానికి రాయి పెట్టి, మేజా దగ్గర రిజిస్టరులో సంతకానికి పోయింది. శేషశయనం గారు కుర్చీ తెచ్చుకుని సరిగ్గా బండి వెనక, నాకు బారెడు దూరంలో కూర్చున్నారు. బండికి వీపు పెట్టి, పైనుంచి వచ్చిన మెచ్చుకోలు లేఖ మళ్ళీ చదువుకుంటున్నారు. నాదముని యంత్రాన్ని నా పక్కన పెట్టాడు. మేజా మీద కాగితాలు గాలికి లేస్తున్నాయి. బరువు కోసం అటూ ఇటూ చూశాడు. వంగి, చక్రం కింద రాయి తీసుకుని వెళ్ళి కాగితాల మీద పెట్టాడు.

చక్రం కొంచెం కదిలింది. తర్వాత ఇంకొంచెం.

నేను శేషశయనం గారి నడినెత్తి చూస్తున్నాను. ముప్పై క్యాన్లు చూశాను. నా పగ్గం గట్టిగా ఉంది. కాలు చాపినా ఆయనకు అందదు. నోరు తెరిస్తే సర్టిఫికెట్ పోతుంది. సర్టిఫికెట్ పోతే దారి పోతుంది. ఇంత లెక్క వేసుకోవడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆయన దూది మాత్రం గుర్తుంది. మామూలుగా చెబితే వినపడదు.

“జరుగు రా!” అని అరిచాను.

ఆ అరుపు నాదే అని నాకు ఆలస్యంగా తెలిసింది. శేషశయనం గారు కప్పలా గెంతారు. కుర్చీ చక్రం కింద పడి అప్పడమైంది. రెడ్డెమ్మ పరుగున వచ్చి బండిలోకి ఎగిరి బ్రేకు తొక్కింది. బండి ఆగింది. ఒక్క క్యాను కూడా ఒలకలేదు.

నాదముని యంత్రం తీసి చూశాడు. “తొంభై ఆరు సార్,” అన్నాడు.

శేషశయనం గారు మట్టి దులుపుకుని, చెవుల్లో దూది తీసి, నా దగ్గరికి వచ్చారు.

“మీరు మా ప్రాణము కాపాడినారు. మిక్కిలి కృతజ్ఞులము. సర్టిఫికెట్ ఇటు ఇవ్వండి. రద్దు చేయవలసియున్నది.”

“రద్దు చేసేదానికి ముందు ఒక మాట సార్,” అంది రెడ్డెమ్మ, బ్రేకు మీద కాలు తీయకుండానే. “ఏమని రాస్తారు?”

“సైలెన్సర్ శబ్దము చేసినదని.”

“అంటే చెడిపోయిన సైలెన్సర్‌కి మీరే ముద్రేసి ఇచ్చినారని పైకి తెలస్తాది. మెచ్చుకుంటా రాసినోళ్ళే మళ్ళా రాస్తారు.”

శేషశయనం గారు లేఖను మడిచి జేబులో పెట్టుకున్నారు. “అట్లయిన శబ్దము రాలేదని రాయుదుము.”

“రాలేదని రాస్తే మీరు జరగలేదు గదా సార్. జరగకపోతే ఆ కుర్చీలోనే ఉండల్ల.”

అందరం కుర్చీ వైపు చూశాం. అది పూర్తిగా నేలకు అంటుకుపోయి ఉంది.

“రికార్డు ప్రకారం ఈ నెల నుంచి సారుకు జీతం రాదు,” అన్నాడు నాదముని మెల్లగా. “ఇంటోళ్ళకు పింఛను.”

శేషశయనం గారు నిఘంటువు అడిగారు. తిప్పారు. మూశారు. ఆఖరుకు ఆయన గొంతులో పాత బిగువు తిరిగి వచ్చింది.

“రాసుకొనుము. ప్రమాదమును ముందుగా తెలియజేయునది శబ్దము కాదు. అది సమాచారము.”

నాదముని రాసుకున్నాడు. ముద్ర వేశాడు.

రెడ్డెమ్మ ఇంజను తిప్పింది. నా డబ్బా ఆవులా నెమరు వేయడం మొదలుపెట్టింది.

“మరి ఇది చెప్పేది కూడా అదే గదా సార్? బండొస్తా ఉంది, జరగండి అని?”

శేషశయనం గారు కుర్చీని చూశారు. తర్వాత బండిని చూసి, రెండడుగులు పక్కకు జరిగారు.

“ఎంత వరకు సమాచారము?” అన్నారు నాదమునితో, చిన్నగా.

నాదముని యంత్రం తిప్పి చూశాడు. “ఎనభై దాకా అని దీని మీదనే రాసి ఉంది సార్.”

“దానికి మించినది?”

“మించితే రొద సార్.”

మోటార్ సైకిళ్ళ కుర్రాళ్ళకు ఆ మధ్యాహ్నమే ఇంటికి నోటీసులు పోయాయి. నన్ను విప్పారు. రెడ్డెమ్మ బండి ఎనిమిదీ యాభైకి పాలకేంద్రం గేటు దాటింది.

ఆ వారం మస్తానమ్మ నా సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి గోడకు తగిలించింది. సంగటి పెడుతూ అడిగింది.

“తొంభై ఆరంట గదా. నా మింద ఏపొద్దన్నా అంత గట్టిగా అరిచినావా నువ్వు?”

నేను సంగటి తిన్నాను.

ఆ సర్టిఫికెట్ ఇంకా ఎవరూ రద్దు చేయలేదు. రేకు మీద పేరు అలాగే ఉంది. మార్చి నెలాఖరుకు మళ్ళీ పరీక్ష ఉంటుందట, నాదముని చెప్పిపోయాడు. ఇప్పటికే ఎక్కువ మాట్లాడేశాను.